వయసుతో వచ్చిన వెన్ను వంకరకి ఏ ఆపరేషన్? చిన్న కోతా, పెద్ద కోతా, అసలు కోతే వద్దా?

అరవై దాటిన అమ్మకో నాన్నకో నడుం నొప్పి అని ఎక్స్‌రే తీయిస్తే రిపోర్టులో "డీజనరేటివ్ స్కోలియోసిస్" అని వస్తుంది. ఒక డాక్టరు నరం మీద ఒత్తిడి తీసేస్తే చాలంటారు. ఇంకొకరు పక్క నుంచి చిన్న కోతలతో కేజ్‌లు (డిస్కు తీసి పూసల మధ్య పెట్టే దిమ్మెలు) పెట్టి నిలబెడదాం అంటారు. మూడో ఆయన వీపు మధ్య నుంచి కటి ఎముక దాకా రాడ్లు వేయాల్సిందే అంటారు. ఇంట్లో వాళ్లకి సహజంగానే చిన్న కోత వైపు మనసు లాగుతుంది. కానీ కోత ఎంత అన్నది చివర తేల్చుకోవాల్సిన విషయం. నొప్పి ఏ నరం నుంచి వస్తోంది, మనిషి నిలబడితే ఎంత ముందుకు వాలిపోతున్నారు, ఆ వాలు పడుకుంటే సర్దుకుంటుందా, ఎముక స్క్రూని పట్టుకుంటుందా అన్న నాలుగూ తేలాకే దాని సంగతి.

అంతకన్నా ముందు ఒక హెచ్చరిక. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ పోవడం, పాదం రోజురోజుకీ పైకి లేవకుండా వేలాడిపోవడం కనిపిస్తే ఈ పోలికలన్నీ పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

## ముందు తేల్చుకోవాల్సిన కొలతలు

పక్కకి వంపు 10 డిగ్రీలు దాటితే స్కోలియోసిస్ అంటారు. దీన్ని కాబ్ కోణంతో కొలుస్తారు. ఇంట్లో అందరూ ఈ అంకె చూసే భయపడతారు గానీ, పెద్దవాళ్లలో రోజువారీ బాధని ఎక్కువగా నిర్ణయించేది పక్క వంపు కాదు, ముందుకు వాలడం. నడుము దగ్గర సహజంగా ఉండే లోపలి వంపు చదునైపోతే తల, ఛాతీ కటి కన్నా ముందుకు వచ్చేస్తాయి. నిటారుగా ఉండటానికి మోకాళ్లు వంచి, కటిని వెనక్కి తిప్పి నిలబడాల్సి వస్తుంది. అందుకే పది నిమిషాలు నిలబడితే తొడలు, పిరుదులు, నడుము పట్టేస్తాయి.

దీన్ని కొలవాలంటే మెడ నుంచి తుంటి కీళ్ల దాకా ఒకే ఫిల్ములో, నిలబెట్టి, మోకాళ్లు చాపించి, చేతులు మడిచి పిడికిళ్లు కాలర్ ఎముకల మీద పెట్టించి ఎక్స్‌రే తీయాలి. 36 అంగుళాల ఫిల్ము అడగండి. నడుము ముక్క ఒక్కదాన్నే పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేతో ఈ ఆపరేషన్ ప్లాన్ చేయకూడదు. ఆ పెద్ద ఫిల్ములో చూడాల్సినవి ఇవి:

- పెల్విక్ ఇన్సిడెన్స్. కటి ఎముక ఆకారాన్ని చెప్పే కోణం, పెద్దయ్యాక దాదాపు మారదు. నడుము లోపలి వంపు దీనికి సుమారు 10 డిగ్రీల తేడాలోపు ఉండాలి. ఈ కొలతలతో వర్గీకరణ 2012లో ష్వాబ్ బృందం ఇచ్చింది: తేడా 10 నుంచి 20 దాకా ఒక మోస్తరు, 20 దాటితే తీవ్రం.
- మెడ చివరి పూస నుంచి కిందికి గీసిన నిలువు గీత, త్రికాస్థి (నడుము కింద, కటి వెనక మధ్యలో ఉండే ఎముక) పైభాగపు వెనక మూలకి ఎంత ముందు పడుతోంది. 4 సెం.మీ. లోపు అయితే ఫర్వాలేదు, 9.5 దాటితే పెద్ద సమస్య.
- ముందు నుంచి చూసినప్పుడు ఇదే గీత మధ్య నుంచి 3 సెం.మీ. కన్నా ఎక్కువ పక్కకి జరిగిందా, జరిగితే ఏ వైపు. వంపు ఉబ్బిన వైపుకే మనిషి ఒరిగి ఉంటే, పెద్ద వంపుని ఒక్కదాన్నే సరిచేసినప్పుడు ఒరుగు తగ్గకపోగా పెరిగే ప్రమాదం ఉంది.
- ఒక పూస కింది పూస మీద నుంచి పక్కకి జారిందా. 6 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ జారినా, వంపు 30 డిగ్రీలు దాటినా అది ఇంకా పెరిగే అవకాశం ఎక్కువ. సాధారణంగా ఏడాదికి ఒకటి నుంచి మూడు డిగ్రీలు పెరుగుతుంటుంది.

పడుకోబెట్టి తీసిన ఎమ్మారై నరాలతో పాటు ఇంకో సంగతి కూడా చెబుతుంది. పెద్దగా అదనపు ఖర్చు లేకపోయినా చాలామంది దాన్ని అడగరు. నిలబడ్డప్పుడు 30 డిగ్రీలే ఉన్న లోపలి వంపు ఎమ్మారైలో 40 కనిపించిందంటే వెన్ను ఇంకా మెత్తగానే ఉంది, మత్తు ఇచ్చి బోర్లా పడుకోబెడితే దానంతటదే కొంత సర్దుకుంటుంది. రెండింట్లోనూ 30 ఉంటే బిగుసుకుపోయిందని అర్థం. చిన్న కోతతో పని అవుతుందా కాదా అన్నది చాలావరకు ఈ తేడాలోనే తేలుతుంది. సీటీ స్కాన్‌లో కీళ్లు అప్పటికే ఎముకగా అతుక్కుపోయి కనిపిస్తే, పక్క నుంచి కేజ్ పెట్టి వంపు తెరవడం కుదరదు.

ఇక నరం. నడుములోని ఐదు పూసల్ని పై నుంచి ఎల్1, ఎల్2 అంటూ ఎల్5 దాకా, వాటి కింద త్రికాస్థి మొదటి భాగాన్ని ఎస్1 అని పిలుస్తారు, నరాలకీ అవే పేర్లు. తొడ ముందు భాగంలో నొప్పి అయితే ఎల్2, ఎల్3, ఎల్4 నరాల మీద, అంటే పెద్ద వంపు లోపలి వైపు మీద అనుమానం. పిక్క, పాదం అయితే దాని కింద, ఎల్4 నుంచి త్రికాస్థి దాకా ఎదురు దిశలో ఉండే చిన్న వంపు మీద. మామూలుగా నరాల దారి ఇరుకైన వాళ్లకి ముందుకి వంగితే హాయిగా ఉంటుంది, సైకిల్ తొక్కినా నొప్పి రాదు. వంకర వల్ల నరం నలిగిన వాళ్లలో వంగినా తగ్గకపోవచ్చు, చేతులతో కుర్చీ మీద భారం మోపితే తగ్గుతుంది. ఏ నరమో తేలకపోతే ఆ ఒక్క నరం దగ్గరే కొంచెం మత్తు మందు ఎక్కిస్తారు. కొన్ని గంటలు నొప్పి మాయమైతే దొంగ దొరికినట్టే.

## ఆపరేషన్ లేకుండా

నొప్పి భరించగలిగేలా ఉండి, నరం బలహీనత లేకపోతే మొదటి దారి ఇదే. తుంటి ముందు కండరాల సాగదీత, పొట్ట, వీపు కండరాల వ్యాయామం, నడక, వీలైతే ఈత. వెన్నులో నరాల చుట్టూ ఇచ్చే ఎపిడ్యూరల్ ఇంజెక్షన్ ఉపశమనం తాత్కాలికమే అయినా, నొప్పి ఎక్కడిదో తెలుసుకోవడానికీ పనికొస్తుంది. బెల్టు నొప్పిని కొన్ని గంటలు తగ్గిస్తుంది గానీ పెద్దవాళ్లలో వంపుని ఆపదు, రోజంతా కడితే కండరాలు నీరసపడతాయి. నరాల నొప్పికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వాడే పెద్దవాళ్లకి తల తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది, మోతాదు మెల్లగా పెంచాలి.

అమెరికాలో 40 నుంచి 80 ఏళ్ల వాళ్లలో ఆపరేషన్‌నీ, ఆపరేషన్ లేని చికిత్సనీ పోల్చి చూసిన ఏఎస్‌ఎల్‌ఎస్ అధ్యయనం 2019లో వచ్చింది. లాటరీ తీసి కేటాయించిన గుంపుల్లో చాలామంది ఇటు నుంచి అటు మారిపోవడంతో ఆ పోలికలో తేడా తేలలేదు. నిజంగా ఏ చికిత్స జరిగిందో దాన్ని బట్టి చూస్తే ఆపరేషన్ వాళ్లు బాగా మెరుగయ్యారు. చేయించుకోని వాళ్లు రెండేళ్ల తర్వాత ఇంచుమించు ఉన్నచోటే ఉన్నారు. ఇప్పుడున్న బాధతోనే బతకగలమనుకునే వాళ్లకి ఇది ధైర్యం ఇచ్చే మాట. ఈ బాధతో ఇక కుదరదనుకునే వాళ్లకి, వ్యాయామంతోనే పెద్ద మార్పు వస్తుందని ఏళ్లు వేచి చూడొద్దని చెప్పే మాట.

## నరం ఒత్తిడి మాత్రమే తీయడం

18 నుంచి 22 మి.మీ. గొట్టంలోంచో ఎండోస్కోప్‌తోనో నరం మీద పడిన ఎముక, లిగమెంట్ తీస్తారు. స్క్రూలు ఉండవు. రెండు మూడు రోజుల్లో ఇంటికి. కాలు నొప్పి ఒక్కటే ప్రధానమై, నడుం నొప్పి తక్కువగా ఉండి, వంపు చిన్నదై, ముందుకు వాలు లేకుండా, పూసల మధ్య ఎముక ముళ్లు వంతెనలా కట్టి వెన్నుని బిగించి ఉంటే ఇది చక్కటి ఎంపిక. గుండె, ఊపిరితిత్తులు బలహీనమైన ఎనభై ఏళ్ల వాళ్లకి చాలాసార్లు ఇదొక్కటే న్యాయమైన దారి.

పక్కకి జారిన పూస దగ్గర, వంపు నడిబొడ్డున చేస్తే ఇది చెడుతుంది. నరం బయటపడాలని కీలు సగానికి మించి కొరికేస్తే ఉన్న పట్టు కూడా పోతుంది. పూస ఇంకా జారి, ఏడాది రెండేళ్లలో ఫ్యూజన్‌కే (పూసల్ని స్క్రూలతో బిగించి ఒకే ఎముకగా అతికించడం) రావాల్సి వస్తుంది.

## ఒకటి రెండు చోట్లే ఫ్యూజన్: వెనక నుంచి టీలిఫ్

గొట్టం ద్వారానే ఒక వైపు కీలు తీసి, డిస్క్ శుభ్రం చేసి, కేజ్ పెట్టి, చర్మంలోంచి స్క్రూలు దించుతారు. ఎల్4 నుంచి ఎస్1 మధ్య ఉన్న చిన్న వంపులో నరం నలిగి పాదానికి నొప్పి పాకుతున్న వాళ్లకి ఇది బాగా సరిపోతుంది. నరాన్ని నేరుగా చూసి విడిపించవచ్చు కూడా.

పరిమితి కేజ్‌లో ఉంది. వెనక సందులోంచి వెళ్లాలి కాబట్టి దాని వెడల్పు సాధారణంగా 10 నుంచి 12 మి.మీ. పూస మధ్యలో ఎముక మెత్తన, అంచుల్లోనే గట్టి. సన్నటి కేజ్ మధ్యలో కూర్చుని మెత్తటి ఎముకలోకి దిగిపోతుంది. లోపలి వంపు కూడా పెద్దగా రాదు. పైన ఉన్న పెద్ద వంపు అలాగే ఉండి పెరగొచ్చు. ఆ సంగతి ముందే ఒప్పుకుని చేయించుకుంటే ఇది మంచి ఆపరేషన్.

## పక్క నుంచి కేజ్‌లు, చర్మంలోంచి స్క్రూలు

"చిన్న కోతతో వంకర సరిచేస్తాం" అన్నప్పుడు ఎక్కువగా ఉద్దేశించేది ఇదే. 2006లో ఓజ్గుర్, పిమెంటా తదితరులు ప్రచురించిన ఎక్స్‌లిఫ్ పద్ధతిలో పక్కకి పడుకోబెట్టి, పొట్ట పక్క నుంచి, వెన్నుకి ఆనుకుని ఉండే సోయస్ కండరం చీల్చుకుని డిస్క్ దగ్గరికి వెళ్తారు. వెన్ను వెనక కండరాలు కదలవు. వంకర ఉన్నవాళ్లలో సాధారణంగా వంపు లోపలి వైపు నుంచే వెళ్తారు, అక్కడ పూసలు దగ్గరకి ముడుచుకుని ఉండటంతో ఒకటి రెండు కోతల్లోనే మూడు నాలుగు డిస్కులు అందుతాయి. కేజ్ వెడల్పు 18 నుంచి 22 మి.మీ., పొడవు పూస ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. గట్టి అంచుల మీద కూర్చుంటుంది కాబట్టి పక్కకి ఒరిగిన పూసని లేపి నిలబెడుతుంది. సందు ఎత్తు పెరిగి నరం నేరుగా ముట్టుకోకుండానే విడుదలవుతుంది.

దీని బలం పక్క వంపు మీద. ముందుకు వాలు మీద అంత లేదు, మామూలు కేజ్ ఒక్కోటి కొద్ది డిగ్రీల లోపలి వంపే ఇస్తుంది. పైగా నడుము లోపలి వంపులో మూడింట రెండొంతులు ఎల్4 నుంచి ఎస్1 మధ్యలోనే ఉంటుంది. ఎల్5–ఎస్1కి పక్క నుంచి వెళ్లలేం, తుంటి ఎముక అడ్డం. కొందరిలో ఎల్4–5 కూడా ఆ ఎముక వెనకే దాగుంటుంది. ఎల్2, ఎల్3, ఎల్4ల మధ్య మాత్రమే కేజ్‌లు పెట్టి ఆపేస్తే ఎక్స్‌రేలో వెన్ను ముందు నుంచి గీత గీసినట్టు నిటారుగా కనిపిస్తుంది, మనిషి మాత్రం పక్క నుంచి చూస్తే ఇంకా ముందుకే వాలి ఉంటారు. ఈ ఆపరేషన్ తర్వాత నిరాశపడే వాళ్లలో ఎక్కువమంది కథ ఇదే.

అందుకే చేయి తిరిగిన సర్జన్లు ఎల్5–ఎస్1కి పొట్ట ముందు నుంచి ఎలిఫ్, లేదా కింది భాగానికి టీలిఫ్ కలుపుతారు. ఓలిఫ్ అనేది ఇంకో దారి: సోయస్ కండరాన్ని చీల్చకుండా దానికీ మహాధమనికీ మధ్య సందులోంచి, సాధారణంగా ఎడమ వైపు నుంచి వెళ్తారు.

రెండింటి ప్రమాదాలూ వేరు. సోయస్ లోంచి వెళ్తే అందులోని నరాల వల, ముఖ్యంగా ఎల్4–5 దగ్గర. తొడ ముందు తిమ్మిరి, మెట్లెక్కడానికి కాలు లేవకపోవడం వస్తాయి. చాలామందిలో వారాల నుంచి నెలల్లో తగ్గుతాయి, కొద్దిమందిలో మిగిలిపోతాయి. అందుకే ఆపరేషన్ అంతటా నరాల మానిటరింగ్ ఉండాలి, కండరాలు సడలించే మందు ప్రభావం ఆ సమయంలో ఉండకూడదు. ఈ మానిటరింగ్ లేదంటే ఆ ఆసుపత్రిలో ఈ పద్ధతి వద్దు. ఓలిఫ్‌లో రక్తనాళాలు, మూత్రనాళం, సింపథెటిక్ నరాలు దగ్గరగా ఉంటాయి, ఆ నరాలకి దెబ్బ తగిలితే ఒక కాలు వెచ్చగా, రెండోది చల్లగా అనిపిస్తుంది. ఎలిఫ్‌లో రక్తనాళాల సర్జన్ పక్కన ఉండాలి. మగవాళ్లకి వీర్యం వెనక్కి మళ్లే సమస్య రావచ్చని ముందే చెప్పాలి. గతంలో పొట్ట ఆపరేషన్లు అయి లోపల అతుకులు ఉంటే ముందు నుంచి వెళ్లే దారులు కష్టం.

ఇంకో బలహీనత: చర్మంలోంచి స్క్రూలు వేసినప్పుడు వెనక ఎముక గీకి గ్రాఫ్ట్ (అతుక్కోవడానికి వేసే ఎముక ముక్కలు) పరిచే చోటు దాదాపు ఉండదు. అతుక్కోవడమంతా కేజ్ లోపలి ఎముక మీదే. డిస్క్ సరిగ్గా గీకకపోయినా, గీకేటప్పుడు పూస పలక పగిలినా, ఎత్తు ఎక్కువ కేజ్‌ని బలవంతంగా కొట్టినా ఆ లెవల్ అతుక్కోదు లేదా కేజ్ దిగిపోతుంది.

రెండు దశల్లో చేయడం చాలాచోట్ల మంచి అలవాటు. మొదటి రోజు కేజ్‌లు. రెండు మూడు రోజుల్లో లేపి నిలబెట్టి మళ్లీ పెద్ద ఎక్స్‌రే. ఎంత సర్దుకుంది, కాలు నొప్పి తగ్గిందా చూసుకుని అప్పుడు స్క్రూలు ఎంత దాకా, నరం విడిగా తీయాలా వద్దా అన్నది తేల్చుకుంటారు.

## వీపు తెరిచి పెద్ద ఫ్యూజన్

బిగుసుకుపోయిన వెన్ను, పెల్విక్ ఇన్సిడెన్స్‌కీ నడుము లోపలి వంపుకీ మధ్య 30 డిగ్రీలు దాటిన తేడా, పాత ఫ్యూజన్ చదునుగా అతుక్కుపోయి ఉండటం. వీటికి ఎముకే కోయాలి. కీళ్లు తీసే చిన్న ఆస్టియోటమీ ఒక్కో చోట సుమారు 10 డిగ్రీలు ఇస్తుంది, పూసలోంచి ముక్క తీసే పెద్దది ఒక్క చోటే సుమారు 30. స్క్రూలు తరచూ టీ10 (ఛాతీ భాగంలో పదో పూస) లేదా ఇంకా పై నుంచి కటి ఎముక దాకా వెళ్తాయి. రక్తనష్టం లీటర్లలో ఉండొచ్చు, ఐసీయూ కచ్చితం.

తర్వాతి సమస్యలు కూడా పెద్దవే. పై చివర దగ్గర వెన్ను ముందుకు వంగిపోవడం పొడవాటి ఫ్యూజన్లలో 20 నుంచి 40 శాతం అని చాలా నివేదికలు చెబుతాయి, వాళ్లందరికీ మళ్లీ ఆపరేషన్ పడదు. ఎముక అతుక్కోకపోతే నెలలు, ఏళ్ల తర్వాత రాడ్ విరుగుతుంది. డెబ్భై ఏళ్ల మనిషి వెన్నుని ముప్ఫై ఏళ్ల కొలతలకి దిద్దాలని చూడటం పైచివర అలా వంగిపోవడానికి ఒక పెద్ద కారణం. వయసుని బట్టి లక్ష్యం తగ్గించుకోవాలన్న మాట ఇప్పుడు బలంగా వినిపిస్తోంది.

| దారి | పక్క వంపు | ముందుకు వాలు | ముఖ్యమైన భయం | ఎవరికి |
|---|---|---|---|---|
| ఆపరేషన్ లేకుండా | మారదు | మారదు | మెల్లగా పెరగడం | నరం బలహీనత లేనివాళ్లు |
| ఒత్తిడి తీయడం | మారదు | మారదు | పూస జారడం | కాలు నొప్పి, సమతూకం బాగున్నవాళ్లు |
| చిన్న టీలిఫ్ | కింది చిన్న వంపే | కొంచెం | కేజ్ దిగడం, పై వంపు పెరగడం | ఒకటి రెండు చోట్లే సమస్య |
| పక్క నుంచి కేజ్‌లు | బాగా | ఓ మోస్తరు, ఎలిఫ్ కలిస్తే మెరుగు | తొడ తిమ్మిరి, రక్తనాళాలు | మెత్తటి వెన్ను, తేడా 10–30 |
| తెరిచి పెద్ద ఫ్యూజన్ | బాగా | అన్నిటికన్నా ఎక్కువ | రక్తనష్టం, రాడ్ విరగడం, పైచివర కుంగడం | బిగుసుకుపోయిన వెన్ను, తేడా 30 పైన |

10, 30 అన్న ఈ హద్దులు 2014లో ప్రవీణ్ ముమ్మనేని బృందం చిన్న కోత ఎవరికి సరిపోతుందో తేల్చడానికి ఇచ్చిన మిస్‌డెఫ్ పద్ధతికి దగ్గరగా ఉంటాయి. అవి ఎటు మొగ్గాలో చెప్పే గుర్తులు, శాసనం కాదు.

## అంకెలతో ఒక ఉదాహరణ

68 ఏళ్ల మహిళ అనుకుందాం. కాబ్ 28 డిగ్రీలు, ఎల్3 పూస ఎల్4 మీద 7 మి.మీ. పక్కకి జారింది, కుడి తొడ ముందు నొప్పి. పెల్విక్ ఇన్సిడెన్స్ 52, నిలబడితే లోపలి వంపు 30, తేడా 22. గీత 5 సెం.మీ. ముందు. ఎమ్మారైలో లోపలి వంపు 40. ఎముక సాంద్రత స్కోరు మైనస్ 2.7.

ఒత్తిడి తీయడం ఒక్కటే చేస్తే జారిన పూస ఇంకా జారుతుంది. ఎల్3–4లో ఒక్క టీలిఫ్ చేస్తే వంపు మధ్యలో ఆగినట్టవుతుంది, పైనా కిందా డిస్కుల మీద భారం పడుతుంది. పడుకుంటేనే 10 డిగ్రీలు సర్దుకుంటోంది కాబట్టి ఎముక కోసే పెద్ద ఆపరేషన్ అవసరం లేదు. ఎల్2 నుంచి ఎల్5 దాకా పక్క నుంచి కేజ్‌లు, ఎల్5–ఎస్1 డిస్క్ కూడా అరిగి ఉంటే అక్కడ ఎలిఫ్, చర్మంలోంచి స్క్రూలు అన్నది ఇక్కడ సరైన దారి. కానీ ఇప్పుడే కాదు. మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారడం. అత్యవసరం కాకపోతే టెరిపారటైడ్ రోజుకి 20 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ లాంటి ఎముక పెంచే మందు కొన్ని నెలలు ముందు మొదలుపెట్టి, ఆపరేషన్ తర్వాతా కొనసాగించడం మేలు. ఎవరికి ఏ మందు అన్నది డాక్టరు చూడాలి. అరిగిన వెన్నులో ఎముక ముళ్ల వల్ల నడుము డెక్సా (ఎముక సాంద్రత పరీక్ష) స్కోరు ఉన్నదాని కన్నా బాగున్నట్టు చూపిస్తుంది. తుంటి స్కోరు, సీటీలో పూస సాంద్రత చూడమనండి.

బీడీ, సిగరెట్, గుట్కా కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందు మానాలి, అతుక్కునే దాకా మళ్లీ ముట్టకూడదు. షుగర్ హెచ్‌బీఏ1సీ ఎనిమిది దాటితే ముందు దాన్ని దించాలి.

## నేల మీద బతుకు

మన ఇళ్లలో దీని గురించి ముందే మాట్లాడుకోవాలి. ఒకటి రెండు చోట్ల ఫ్యూజన్ అయితే కోలుకున్నాక చాలామంది మఠం వేసుకుని కూర్చోగలరు, వంగడంలో ఎక్కువ పని తుంటి కీళ్లదే. నడుమంతా కటి ఎముకతో కలిపి బిగించేస్తే ముగ్గు వేయడం, కాళ్లు కడుక్కోవడం, గోళ్లు తీసుకోవడం, నమాజులో సజ్దా, నేల మీది మరుగుదొడ్డి చాలా కష్టమవుతాయి. వెస్టర్న్ కమోడ్, పొడవాటి పిడి బ్రష్షు, ఎత్తు మంచం ఆపరేషన్‌కి ముందే అమర్చుకోండి. పొలం పనితో బతికే వాళ్లకి పొడవాటి ఫ్యూజన్ అంటే వంగి నాట్లు వేసే పని ఇక లేదన్నట్టే. నొప్పి తగ్గినా ఇది దిగులు పెడుతుంది. తుంటి కీలు అరిగి ఉన్నా, మార్పిడి జరిగి ఉన్నా సర్జన్‌కి చెప్పి తీరాలి, పొడవాటి ఫ్యూజన్ తర్వాత కృత్రిమ తుంటి జారే ప్రమాదం పెరుగుతుంది.

## సర్జన్‌ని అడగాల్సినవి

కాగితం మీద రాసుకుని వెళ్లండి. నొప్పి ఏ నరానిది, ఎలా నిర్ధారించారు? నిలబడ్డప్పుడూ పడుకున్నప్పుడూ తేడా ఎంత? ఆపరేషన్ తర్వాత ఎంత లోపలి వంపు వస్తుందని లెక్క, అందులో ఎల్4 కింద ఎంత? స్క్రూలు పైన ఎక్కడ ఆగుతాయి, అక్కడే ఎందుకు? వంపు నడిబొడ్డున ఆపుతామంటే గట్టిగా కారణం అడగండి. కేజ్‌లు, స్క్రూలు ఎన్ని, ఏ కంపెనీవి అన్న జాబితా విడిగా రాయించుకోండి, బిల్లు ఎక్కువగా పెరిగేది అక్కడే. నరాల మానిటరింగ్, రక్తనాళాల సర్జన్ ఆ రోజు అందుబాటులో ఉంటారా? చిన్న కోతతో మొదలుపెట్టాక కుదరకపోతే తెరిచి చేసే అనుభవం ఇదే బృందానికి ఉందా? ఒక లెవల్ అతుక్కోకపోతే, పై పూస కుంగితే తర్వాత చేసే ఆపరేషన్ ఏది, అది ఈ వయసులో, ఈ గుండెతో తట్టుకోగలిగేదేనా?